దిండుగారి పథ్యం

అక్కకు తమ్ముడు రెండు చేతులూ జోడించి, అందులో ఒక చేతికి కట్టుతో, రాసుకునే ఉత్తరం.

నీ కాలు కుదుటపడుతోందని తలుస్తాను. ఆ ఆరోగ్యనిలయం వాళ్లు సెల్‌ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టేస్తారని తెలిసి ఇలా కాగితం పట్టుకున్నాను. చూడ్డానికి బుధవారం తప్ప రానివ్వరట. బుధవారమే మా కళ్లజోళ్ల దుకాణానికి కంటి డాక్టరు వచ్చి కూర్చుంటాడు, నేను గుమ్మం దాటడానికి వీల్లేదు. కాబట్టి మనకు పోస్టే గతి.

నువ్వు పడ్డప్పుడు విరిగిన కళ్లజోడు అందింది. ఒక అద్దం పొడి అయింది, రెండోది లేనే లేదు. నీ పవరుకు అద్దాలు అరగదీయాలంటే కొంచెం టైము పడుతుంది. ఓపిక పట్టు.

ఇక నీ పిల్లి సంగతి. నువ్వు చెప్పినట్టే దిండును మీ ఇంటి నుంచి నా గదికి తెచ్చుకున్నాను. నువ్విచ్చిన బుట్టలో పట్టలేదు. తల పెడితే నడుము బయట, నడుము కుక్కితే తల బయట. చివరికి అద్దాల పార్సిలు వచ్చిన అట్టపెట్టెలో కూర్చోబెట్టి మోసుకొచ్చాను. పెట్టె మీద 'పగిలే వస్తువు, జాగ్రత్త' అని ఉంది. దారిలో అందరూ నాకు దారి ఇచ్చారు.

నా గది దుకాణం పైన కదా. ఆ మెట్లెక్కుతూ అది సగంలో ఆగి, కూర్చుని, నావైపు చూస్తూ ఆయాసపడింది. భయమేసి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. త్రాసు ఎక్కించి, ముల్లు చూసి, ఆయన తన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. నాలుగున్నర కిలోలు ఉండాల్సిన పిల్లి ఏడు కిలోల పైమాటే అన్నాడు. ఇలాగే సాగితే షుగరు ఖాయం, కీళ్లు కూడా పోతాయి అన్నాడు. అలాగని ఒక్కసారిగా మాడ్చకూడదట, లావు పిల్లిని పస్తు పెడితే లివరు పాడవుతుందట. నెమ్మదిగా తగ్గించాలట. పాలు పడవు, ఉల్లిపాయ తగలకూడదు, పిల్లికి కావలసింది మాంసం, అదీ కొలతగా. ప్యాకెట్టు తిండా, డబ్బా తిండా, ఇంట్లో ఉడికించిందా అన్నది దాని ఇష్టం చూసి నన్నే ఎంచుకోమన్నాడు. నా తిండే నేను ఎంచుకోలేని మనిషిని. ఇన్నాళ్లూ నువ్వు దానికి ఏం పెడుతున్నావో కాస్త వివరంగా రాయి.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క. చేతి కట్టు సంగతి అడుగుతావని తెలుసు. త్రాసు ఎక్కించేటప్పుడు జరిగింది. కట్టు ఆ పశువుల డాక్టరే కట్టాడు. బాగానే కట్టాడు కాని, అయిపోయాక నా మెడ నిమిరి 'శభాష్, అస్సలు అల్లరి చేయలేదు' అన్నాడు.

*

తమ్ముడికి అక్క దీవెనలు. దీవెనల తర్వాత తిట్లున్నాయి, కూర్చుని చదువు.

కళ్లజోడు లేక నాకిక్కడ గోడకూ మనిషికీ తేడా తెలియడం లేదు. అందుకని నేను చెబుతుంటే మేట్రనమ్మ రాస్తోంది. నీ ఉత్తరం కూడా ఆవిడే చదివి వినిపించింది. ఇక మీదటా అంతే. కాబట్టి ఏం రాసినా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయి.

మొట్టమొదట, వాడిని 'అది' అనడం మానెయ్యి. కుర్చీని అంటారు అది అని. వాడు లావు కూడా కాదు. వాడిది ఎముక పెద్దది. మన మేనత్తది కూడా అలాంటి ఎముకే.

ఏం పెడుతున్నానని అడిగావు. ఏం పెడతాను, అందరూ పెట్టేదే. పొద్దున పాలలో బ్రెడ్డు. కాసేపాగి చేప, ముల్లు తీసి. నేను తినేటప్పుడు నా పళ్లెంలోంచి నాలుగు ముక్కలు, మనం తింటుంటే వాడు చూస్తూ కూర్చోవడం బాగుండదు కదా. సాయంత్రం గుడ్డు. అలిగితే కాస్త వెన్న. అలక తీరిందని ఇంకాస్త వెన్న. ఇందులో లావెక్కడానికి ఏముందో నాకు తెలియదు.

కాని షుగరు అన్న మాట దగ్గర మేట్రనమ్మను ఆపి మళ్లీ చదివించుకున్నాను. ఆ జబ్బుతో నాన్న పడ్డ బాధ నువ్వూ నేనూ ఇద్దరమూ చూశాం. వాడికది రానివ్వకు. బస్సు ఉద్యోగం మానేశాక ఇంట్లో నేను మాట్లాడితే తల తిప్పి చూసేది వాడొక్కడే. వాడిని తట్టుకునే పడ్డాను, నిజమే. అందులో తప్పు నాది. వాడు పడుకుని ఉన్నాడు, నేనే నడిచాను. డాక్టరు ఎలా చెబితే అలా చెయ్యి. నా మనసు నొచ్చుకుంటుందని వెనక్కి తగ్గకు.

ఇక్కడ నన్ను రోజూ లేచి నిలబడమంటున్నారు. నేను నిలబడను. పడ్డది వాళ్లు కాదు, నేను. భోజనాల గది గుమ్మంలో చేతికర్రల వాళ్లూ చక్రాల కుర్చీల వాళ్లూ ఇరుక్కుపోతుంటే మాత్రం నా కుర్చీలోంచే 'ముందుకు జరగండి, లోపలంతా ఖాళీయే' అని సర్దుతున్నాను. ముప్పై ఏళ్ల కండక్టరు గొంతు కదా, పక్క వార్డు వాళ్లు కూడా జరుగుతున్నారు. తిండి మాత్రం ఉప్పూ కారం లేకుండా

ఇట్లు
నీ అక్క

తా.క. అయ్యా, నేను మేట్రన్‌ను. మీ అక్కగారు చెప్పింది చెప్పినట్టు రాశాను. మా వంట గురించి ఆవిడ అన్న మాటలు మాత్రం కాగితంలో చోటు చాలక వదిలేశాను.

*

అక్కకు నమస్కారం. మేట్రనమ్మగారికి కూడా. కాగితం వెనక వైపు పూర్తిగా ఖాళీగానే ఉందని మనవి.

నీ మాట ప్రకారం ఇక నుంచి 'వాడు' అనే రాస్తాను. వాడు నన్నేమనుకుంటున్నాడో మాత్రం అడగకు.

ముందు ప్యాకెట్టు తిండి పెట్టాను. బరువు తగ్గే పిల్లుల కోసం ప్రత్యేకంగా చేసిందట. వాడు వాసన చూసి, గిన్నె చుట్టూ గచ్చు గీకి గీకి, లేని మట్టి కప్పి వెళ్లిపోయాడు. ఆ పని వాడు ఇంకెప్పుడు చేస్తాడో నీకు తెలుసు, నేను రాయక్కర్లేదు. తర్వాత డాక్టరు ఇచ్చిన డబ్బా తిండి. పైన పులుసంతా నాకేసి ముక్కలు వరసగా నా చెప్పుల పక్కన పేర్చాడు. మూడోసారి చికెను ఉడికించాను. ఉప్పు లేదు, ఉల్లిపాయ లేదు, నూనె లేదు. ఎముకలు తీసి, వేళ్లతో చిదిమి, చల్లార్చి, వాడు తినేవరకు దూరంగా కూర్చోవాలని డాక్టరు చెబితే మెట్ల మీద కూర్చున్నాను. వాడు వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం కలిసి ఆ గిన్నె వైపు చూశాం. చివరికి నేను తిన్నాను.

ఇదీ విచిత్రం, అక్కా. మా ఇంట్లో ఏమీ తినని పిల్లి మళ్లీ త్రాసు ఎక్కిస్తే తగ్గలేదు సరికదా, ఇంకో అరకిలో పెరిగాడు. డాక్టరు నావైపు దొంగను చూసినట్టు చూశాడు. 'నిజం చెప్పండి, ఏం పెడుతున్నారు' అన్నాడు. ఏమీ తినడండీ అన్నాను. 'అలా చెప్పేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు' అన్నాడు.

ఎక్కడో తింటున్నాడు. పొద్దున నేను దుకాణం తలుపులు తీయగానే బయటికి పోతాడు. సాయంత్రం విందుకు వెళ్లొచ్చిన పెద్దమనిషిలా మీసాలు తుడుచుకుంటూ వస్తాడు. ఒళ్లంతా సబ్బు వాసన. నా అనుమానం పక్కింటి లాండ్రీ ఆయన మీద. రేపటి నుంచి కాపు కాస్తాను.

ఈ గొడవలో నీ అద్దాలు పూర్తి చేయలేకపోయాను. దుకాణంలో నీ పవరుకు దగ్గరగా ఉన్న జోడు ఒకటి ఉంటే పంపుతున్నాను. సర్దుకో.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క. చికెను నిజానికి బాగానే ఉంది. కొంచెం ఉప్పు పడితే ఇంకా బాగుండేది.

*

తమ్ముడికి అక్క దీవెనలు, తగుమాత్రంగా.

నువ్వు పంపిన కళ్లజోడు పెట్టుకుంటే మేట్రనమ్మ ఇద్దరుగా కనబడుతోంది. నాకు ఒకరే చాలు. తిప్పి పంపుతున్నాను.

దిండు తినడం లేదని విని నాకు ముద్ద దిగలేదు. దిగేలా ఉన్న ముద్ద కూడా కాదనుకో. వాడు ఎక్కడో తింటున్నాడంటున్నావు. నువ్వు కాస్త కళ్లు తెరిచి, బుర్ర పెట్టి ఆలోచించు. సబ్బు వాసన ఎక్కడి నుంచి వస్తుంది, ఉతికిన గుడ్డలు ఎక్కడికి పోతాయి, ఇలాంటివన్నీ ఆలోచించు. ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు.

ఇక్కడి ముచ్చట ఒకటి చెబుతాను. మాకు కూడా ఒక పిల్లి వస్తోంది. ఎవరిదో పాపం. సరిగ్గా భోజనాల వేళకు వస్తుంది, ప్రతి బల్ల దగ్గరా ఆగి ప్రతి పళ్లెంలోకీ తొంగి చూసి వెళ్తుంది. అందుకని అందరూ దాన్ని 'ఇన్‌స్పెక్టరు' అంటున్నారు. నాకు కళ్లు కనబడవు కాబట్టి అది ఎలా ఉందో నాకేం తెలుసు. నా పక్కన కూర్చునే బాకా మాస్టారు, అదే, బ్యాండు మేళంలో బాకా ఊదే ఆయన, చూసి చెప్పాడు, బూడిద రంగట, ఎడమ చెవి అంచున చిన్న గాటు ఉందట, తోక చివర తెల్లగా ఉంటుందట, చేప పెడితే ముల్లు తీసేవరకు ముట్టదట. విన్నావా. ఎడమ చెవి. తోక చివర తెలుపు. ఎవరి పిల్లో ఏమో.

ఈ నిలయంలోకి జంతువులు రాకూడదని కఠినమైన రూలు. మేట్రనమ్మ గొడుగు పట్టుకుని తరుముతుంది. నేను కూడా తిట్టాను. ఇంత లావు పిల్లిని ఊరి మీదికి వదిలిన మనిషికి బుద్ధుందా అని అందరూ వినేలా అన్నాను.

ఇట్లు
నీ అక్క

తా.క. మేట్రన్ రాస్తున్నది. నేను ఇద్దరుగా కనబడుతున్నానన్న ఆ మాట రాయాలా అని అడిగాను. రాయమన్నారు. ఇన్‌స్పెక్టరు అనే ఆ పిల్లి విషయంలో మీ అక్కగారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అది నా కంట పడితే ఊరుకోను. నేను దానికి చేప పెడుతున్నానని ఎవరైనా అంటే నమ్మకండి.

*

అక్కకు నమస్కారం.

ఇన్‌స్పెక్టరు సంగతి చదివి కడుపుబ్బ నవ్వాను. లోకంలో ఎంత విచిత్రమో చూడు, మన దిండుకు కూడా ఎడమ చెవికే గాటు. తోక చివర తెలుపు కూడా. ఆ జాతి పిల్లులకు అలా ఉంటుంది కాబోలు. చేప ముల్లు మాత్రం ఏ పిల్లికైనా కష్టమే.

కాని నవ్వాక కోపం వచ్చింది. ఇక్కడ నేనొక పిల్లి ఆరోగ్యం కోసం చేతులు గీరించుకుంటుంటే, ఎవడో బాధ్యత లేని మనిషి తన పిల్లిని కాలునొప్పుల వాళ్ల మీదికి వదిలేస్తాడా. ఆ కోపంలో ఆ పిల్లి యజమానికి ఒక హెచ్చరిక రాశాను. ఇందులో పెడుతున్నాను. మీ నోటీసు బోర్డు మీద అతికించమని మేట్రనమ్మగారికి మనవి.

నా కాపలా గురించి. దిండు లాండ్రీ లోపలికి వెళ్లడం నా కళ్లతో చూశాను. బయటికి రావడం చూడలేదు. లోపల దుప్పట్ల మూటలు, ఇస్త్రీ బల్లలు, పొగలు కక్కే గంగాళం, ఒక పాత వ్యాను. పిల్లి లేడు. లాండ్రీ ఆయన్ని నిలదీశాను. 'మా పిల్లికి ఏం పెడుతున్నారు' అన్నాను. 'నా పొయ్యి మీద ఉడికేది నీ చొక్కాలయ్యా, కావాలంటే ఒక కాలరు పెడతాను' అన్నాడు. మాటా మాటా పెరిగింది. నా బట్టలు ఇక ఉతకనన్నాడు. ఇప్పుడు ముడతల చొక్కాతో కూర్చుంటున్నాను. దుకాణానికి వచ్చిన ఒకావిడ నన్ను చూసి, తన పాత పవరే బాగున్నట్టుందని వెళ్లిపోయింది.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క. హెచ్చరిక ఇది. 'ఇక్కడికి వచ్చే లావుపాటి పిల్లి యజమానికి. అయ్యా, పిల్లిని పెంచడం చేతకాకపోతే మానుకోండి. మీ నిర్లక్ష్యం వల్ల ఆ మూగజీవి పీపాలా తయారైంది. మీకు సిగ్గూ, కాస్తో కూస్తో కంటిచూపూ ఉంటే వెంటనే వచ్చి తీసుకుపోండి. ఇట్లు, బాధ్యత తెలిసిన ఒక పౌరుడు.'

*

తమ్ముడికి.

దీవెనలు తర్వాత. ముందు పని చూడు.

నీ హెచ్చరిక బోర్డు మీద పెట్టారు. మేట్రనమ్మ వద్దు వద్దంటున్నా బాకా మాస్టారు సరదాకు అతికించాడు. అందరూ చదివి నవ్వుకున్నారు. బాధ్యత తెలిసిన పౌరుడికి చప్పట్లు కూడా కొట్టారు. కాని దాన్ని పెద్ద డాక్టరు కూడా చదివాడు. ఆయన నవ్వలేదు. రోగుల భోజనాల గదిలోకి పిల్లి వస్తోందా అని మండిపడ్డాడు. శుక్రవారం మధ్యాహ్నం బోనుతో సహా పిల్లులు పట్టేవాళ్లను పిలిపిస్తానన్నాడు. పట్టుకున్నవాటిని ఊరవతలికి తీసుకెళ్లి వదిలేస్తారట.

ఇది ఎవరిదో పిల్లి సంగతి. మనకు సంబంధం లేదు. అయినా తమ్ముడూ, గురువారం సాయంత్రం దిండు ఇంటికి రాగానే గదిలో పెట్టి తాళం వెయ్యి. శుక్రవారమంతా తీయకు. ఎందుకని అడగకు. ఊళ్లో పిల్లులు పట్టేవాళ్లు తిరుగుతుంటే ఎవరి పిల్లిని వాళ్లు లోపల పెట్టుకోవడం మంచిది కదా. నీకు చేతులెత్తి మొక్కుతాను, ఈ ఒక్క పని సరిగ్గా చెయ్యి. తినకపోతే తినకపోనీ. వెన్న పెట్టు. నేనున్నాను, డాక్టరుకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు
అక్క

తా.క. మేట్రన్ రాస్తున్నది. మీ అక్కగారు ఎవరిదో పిల్లి కోసం కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదని రాయమన్నారు. రాశాను. తాళంతో పాటు గడియ కూడా వేయండి. కిటికీ కూడా చూసుకోండి. దయచేసి.

*

అక్కా,

నమస్కారం రాయడానికి కూడా చెయ్యి ఆడటం లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. గురువారం సాయంత్రం వాడు వచ్చాడు, మంచమెక్కి దుప్పట్లో ముడుచుకున్నాడు. శుక్రవారం పొద్దున పాలు తెచ్చుకుని, వాడు ఇంకా దుప్పట్లోనే ఉన్నట్టు చూసుకుని, తాళం వేశాను. గడియ వేశాను. కిటికీ రెక్కలు అంతకు ముందే తాడుతో కట్టాను. ప్రతి గంటకూ తలుపు దగ్గరికి వెళ్లి 'దిండూ, కోపమా' అని పలకరించాను. వాడు పలకలేదు. అలిగాడనుకున్నాను. తలుపు కింద నుంచి పలచగా వెన్న రాసిన అట్టముక్క లోపలికి తోశాను. ముట్టలేదు. అప్పుడు భయమేసి తలుపు తీశాను. దుప్పట్లో ఉన్నది నా కోటు. పాల కోసం నేను తలుపు తీసినప్పుడే వాడు నా కాళ్ల మధ్య నుంచి జారుకున్నట్టున్నాడు.

వీధంతా వెతికాను. డ్రైనేజీ మూతలు ఎత్తి చూశాను. నీకు ముఖం ఎలా చూపించను. నేను ఆ పథ్యాలన్నీ పెట్టి వాడి మనసు విరిచేశాను. ఉడకబెట్టిన చికెను చూసి విరక్తి పుట్టి వెళ్లిపోయాడనిపిస్తోంది. వాడు దొరికితే చాలు, పది కిలోలు ఉన్నా మోసుకు తిరుగుతాను.

లాండ్రీ ఆయన మంచివాడే. నా ఏడుపు ముఖం చూసి పాత గొడవంతా మరిచి టీ ఇప్పించాడు. మాటల్లో ఒక సంగతి తెలిసింది. డ్రైవరును పెట్టి ఆయన నడిపించే వ్యాను రోజూ పొద్దున ఉతికిన దుప్పట్లతో వెళ్లేది మీ ఆరోగ్యనిలయానికేనట, సాయంత్రం మాసినవాటితో తిరిగొస్తుందట. ఎంత మంచి సంగతి. ముందే తెలిసి ఉంటే నీ కళ్లజోడు పోస్టులో పంపే బాధ తప్పేది. అద్దాలు పూర్తయ్యాయి. మధ్యాహ్నం ఆయనే ఏదో పని మీద మీ వైపు వెళ్తున్నాడు, ఈ ఉత్తరమూ కళ్లజోడూ ఆయన చేతికే ఇస్తున్నాను.

ఇట్లు
ఏం చేయాలో తోచని
నీ తమ్ముడు

తా.క. వ్యానులో ఉతికిన దుప్పట్ల మీద బూడిద రంగు వెంట్రుకలు అంటుకుంటున్నాయని, సబ్బు మార్చాలేమోనని లాండ్రీ ఆయన బాధపడుతున్నాడు. ఎవరి కష్టాలు వాళ్లవి.

*

తమ్ముడికి అక్క మనసారా దీవెనలు. ఇది నా చేతి రాతే. కళ్లజోడు బ్రహ్మాండంగా కుదిరింది.

దిండు ఇక్కడే ఉన్నాడు. ముందు ఊపిరి పీల్చుకుని, నీళ్లు తాగి మిగతాది చదువు.

వాడు మొదటిరోజు దుప్పట్ల మూటలోంచి దూకి, వచ్చి నా కట్టు కాలి మీద కూర్చున్నప్పుడే నాకు తెలుసు. నా పిల్లిని గుర్తుపట్టడానికి నాకు కళ్లజోడు కావాలా. ఆ బరువు ఈ ఊళ్లో ఇంకెవరికుంది. కాని ఉత్తరం రాసేది మేట్రనమ్మ, చదివేది మేట్రనమ్మ, పిల్లుల్ని తరిమేది మేట్రనమ్మ. ఆవిడ చేతనే 'వాడు మావాడే' అని ఎలా రాయిస్తాను. అందుకే చెవి అన్నాను, తోక అన్నాను, సబ్బు అన్నాను. ఆఖరికి ముల్లు అన్నాను. నువ్వు 'ఆ జాతి పిల్లులకు అలా ఉంటుంది కాబోలు' అని రాశావు. ఆ వాక్యం చదివేటప్పుడు మేట్రనమ్మ కూడా కాసేపు ఆగింది.

ఇక శుక్రవారం. అప్పటికి నీ కళ్లజోడు రాలేదు, నాకు కనబడనిదంతా తర్వాత బాకా మాస్టారు చెప్పాడు. పెద్ద డాక్టరు బోనుతో, ఇద్దరు మనుషులతో భోజనాల గదిలో నిలబడ్డాడు. వాడు రాకూడదు భగవంతుడా అని నేను మొక్కుకుంటుంటే, సరిగ్గా వేళకు వచ్చాడు. 'ఆ పిల్లి ఏదీ' అని డాక్టరు అడిగితే బాకా మాస్టారు, తన కాళ్లు రాసుకుంటూ తిరుగుతున్న పిల్లిని చూస్తూనే, 'ఏ పిల్లండీ' అన్నాడు. దిండు ఎవరి దగ్గరా ఆగలేదు. నేరుగా మేట్రనమ్మ దగ్గరికి వెళ్లి, వెనక కాళ్ల మీద లేచి, ఆవిడ కోటు జేబులోకి తల దూర్చాడు. జేబులోంచి కాగితంలో చుట్టిన చేప బయటపడింది. ముల్లు తీసి ఉంది.

'ఇది మిమ్మల్ని ఎలా ఎరుగును' అన్నాడు డాక్టరు. మేట్రనమ్మ ముఖం కందగడ్డ అయింది. బోను వాళ్లు ముందుకు వచ్చారు. నాకు ఏం పూనిందో తెలియదు. 'ఆగండి, ఆ పిల్లి నాది' అని అరిచాను. బస్సు ఆగిపోయే గొంతుతో అరిచాను. అరిచి, నడిచి వెళ్లి వాడిని ఎత్తుకున్నాను.

డాక్టరు పిల్లిని చూడటం లేదు, నా కాళ్లను చూస్తున్నాడు. 'అమ్మా, మీరు నిలబడ్డారు' అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. ఏడున్నర కిలోల పైమాట మోస్తూ, ఏ ఆసరా లేకుండా నిలబడి ఉన్నాను. ఇన్నాళ్లుగా ఆయన బతిమాలుతున్నది దీనికోసమే. వెంటనే భయమేసి కూర్చున్నాననుకో, కాని నిలబడ్డ మాట నిలబడ్డదే. మళ్లీ పొద్దున నిలబడ్డాను, పిల్లి లేకుండానే.

డాక్టరు బోను వెనక్కి పంపించి ఒక షరతు పెట్టాడు. ఈ పిల్లికి ఎవరెవరు ఏం పెడుతున్నారో ఆ నిమిషమే చెప్పాలన్నాడు. బాకా మాస్టారు గుడ్డు అన్నాడు. కిటికీ పక్కావిడ పాలు అంది. వంటావిడ వెన్న. తుంటి విరిగిన పెద్దాయన తన సూపంతా. ఎవరికి వాళ్లు తామొక్కరే పెడుతున్నామనుకున్నారు. నేనేం పెట్టానో నువ్వు అడగకు. ఇక మీద వాడికి ఒకటే పళ్లెం, పెట్టేది మేట్రనమ్మ. నీ పశువుల డాక్టరు చెప్పిన కొలత ప్రకారం ఉడికించిన చేప గాని చికెను గాని, చిన్న చిన్న ముద్దలుగా, మధ్యలో మంచినీళ్లు. ఎవరైనా వేలు పెడితే వాళ్లకు మిగిలిన రోజులన్నీ వాడి ప్యాకెట్టు తిండే. తిన్నాక వాడూ నేనూ వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలి. నాకంటే వాడే ఎక్కువ గొణుగుతున్నాడు.

ఆఖరిది. రాత్రి మేట్రనమ్మను అడిగాను, ఈ పిల్లి నాదని నీకెప్పుడు తెలిసిందీ అని. 'మీ తమ్ముడి రెండో ఉత్తరం చదివినప్పుడే, సబ్బు వాసన అన్న చోట' అంది. చెబితే రూలు ప్రకారం వాడిని తరమాలి కాబట్టి ఊరుకుందట. బాకా మాస్టారుకు తెలుసు. వంటావిడకు తెలుసు. వ్యాను డ్రైవరుకు మొదటి వారంలోనే తెలుసు, పక్కసీటు వాడికే ఇస్తున్నాడట. మొత్తం మీద ఏమీ కనబడనిది నీ ఒక్కడికే నాయనా, కళ్లజోళ్లు అమ్మేవాడివి.

ఇట్లు
ప్రేమతో
నీ అక్క

తా.క. నీకోసం మేట్రనమ్మ ఆదివారం కూడా చూడ్డానికి రానిస్తానంది. భోజనానికి రా. మాకు వడ్డించేది మాత్రం తినకు. దిండుకు ఆవేళ ఏం చేశారో కనుక్కుని, అదే పెట్టించుకో.